మూడు కోనలు

జలపాతమను మాట పుస్తకములలోనిది. మా సీమపల్లెలలో ఆ మాట పలికినచో ముసలమ్మలు ఒక క్షణ మాలోచింతురు. వారికి తెలిసినది కోన. రెండు కొండల నడుమనున్న ఇఱుకులోయయు, అందు పాఱెడి నీరును, ఆ నీటి చలువను బ్రతికెడి చెట్టుచేమలును, అన్నియు కలసి కోన. అందు నీరు పైనుండి పడుచోటు ధార. పడి నిలిచినచోటు గుండము. దేవుని పేరుతో స్నానమాడుచోటు తీర్థము. నీటిని, అడవిని, కొండను వేఱుచేయక ఒక్క పేరున పిలిచిన ఆ పల్లెభాషలో ఎంత యర్థమున్నదో, కోనలను చూచినకొలది నాకు బోధపడినది.

తిరుపతి చుట్టునున్న శేషాచలపు కొండలలో ఇట్టి కోనలు పెక్కులు గలవు. వానిలో మూడింటిని గూర్చి సోదరీమణులకు చెప్పదలచితిని. మొదటిది ఊరి యంచుననే యున్నది. కూరలకు పోయినంత సులువుగా పోయి చూచి రావచ్చును. రెండవదానికి కారులో పోయి, దిగి, కొంత నడవవలెను. మూడవదానికి బండి పోవు బాటయే లేదు, కాళ్లే శరణ్యము. దారి మాఱినకొలది చూపును మాఱును. ఆ మార్పే ఈ వ్యాసమునకు విషయము.

మొట్టమొదట, ఈ కొండలలో నీరెక్కడిదని యడుగవలెను. ఇచ్చట హిమము లేదు. కరగి వచ్చుటకు మంచుకొండ లేదు. ఉన్నదంతయు వాననీరే. మా ప్రాంతమున శ్రావణ భాద్రపదములకంటె ఆశ్వయుజ కార్తికములలో వానలు మెండు; ఈశాన్య ఋతుపవనములు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు మాకు నీటిని తెచ్చిపెట్టును. ఆ వాన కొండమీద పడి అప్పుడే జాఱిపోయినచో, సంక్రాంతి నాటికి కోనలన్నియు ఎండిపోవలసినవే. అట్లు కాకుండుటకు రెండు కారణములు గలవు. ఒకటి రాయి, రెండవది అడవి.

తిరుమలకు ఘాటురోడ్డున పోవునపుడు ప్రక్కనున్న రాతిని పరికింపుడు. క్రిందిది గ్రానైటుజాతి బండ, మిక్కిలి పురాతనము. పైనున్నది పొరలుపొరలుగా పేర్చినట్లుండు క్వార్ట్‌జైటు. ఒకప్పటి ఇసుక గట్టిపడి యేర్పడిన రాయి. ఈ రెంటి నడుమ కోట్లకొలది సంవత్సరములు రాతిపై ఏ గుర్తును మిగుల్పక గడచిపోయినవట. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ హద్దు నపురూపమైనదిగా నెంచి జాతీయ స్మారకములలో చేర్చిరి. పై రాతిలో నిలువుగా పగుళ్లున్నవి. వాననీరు ఆ పగుళ్లలో దిగి, అడుగున దారి దొరకినచోట ఊటయై మెల్లమెల్లగా బయటపడును. ఇక అడవి చేయు పని యేమనగా, రాలిన ఆకులును, చెట్ల వేళ్లును, వేళ్లు పట్టియుంచిన మట్టియు కలసి వానను పరుగెత్తనీయవు. వేసవిలో నీళ్లకుండకు చుట్టిన తడిగోనె యెంతసేపు చుక్కచుక్కగా కారుచుండునో మనము చూచునదే గదా. అడవి ఆ గోనెవంటిది. గోనెను తీసివేసిన కుండ చల్లగా నుండదు. అడవిని తీసివేసిన కొండలో కోన యుండదు.

ఇక మొదటి కోన కపిలతీర్థము. తిరుమల కొండ పాదమున, పట్టణపు సందడికి ఆవల, కపిలేశ్వరస్వామి యాలయమున్నది. ఆలయము ప్రక్కనే కొండచరియనుండి ధార పుష్కరిణిలోనికి పడును. విజయనగర ప్రభువుల కాలమున కట్టిన రాతిమెట్లును, మండపములును ఆ కొలనిని చుట్టియున్నవి. శైవులు దీనిని కపిలతీర్థమనియు, వైష్ణవులు ఆళ్వారుతీర్థమనియు పిలుతురు. కార్తిక పౌర్ణమినాడు ఇచ్చట స్నానమాడుట విశేషము. వేకువజామున అరటిదొన్నెలలో దీపములు వెలిగించి తెచ్చిన స్త్రీలతో ఆ మెట్లన్నియు నిండిపోవును. వానలు బాగుగా కురిసిన యేట, పై చరియ నుండి దూకు ధార మ్రోత ఆలయపు గంటలను మించి వినవచ్చును. వేసవిలో అదే చరియ నల్లని తడిమచ్చ మాత్రమై నిలుచును.

ఊరివారమగుటచే మేము ఈ ధారను ఇంటిబిడ్డవలె చూచుకొందుము. కాని యది ఇంటిబిడ్డ గాదని 2021 నవంబరు మాసము మా యందఱికి తెలిపినది. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము వలన ఆ దినములలో కురిసిన వానకు కొండలన్నియు నొక్కసారిగా నీటిని దింపినవి. నడకమెట్లమీద నీరు జలపాతమై దూకినది. ఘాటురోడ్లు దెబ్బతిన్నవి. కపిలతీర్థమున ధార ఎఱ్ఱని ప్రవాహమై ఆలయములోనికి చొచ్చి, ఒక మండపమునకు హాని చేసినది. పట్టణవీధులు వాగులైనవి. ఏడాదిలో పెక్కుదినములు ఇసుకతిన్నెయై పడియుండు స్వర్ణముఖి ఒడ్డులను కోసికొని పాఱినది. దీపము విడిచిన చోటనే ఆ వరదయు దిగినదని తలచుకొన్నప్పుడు, నీటిని పూజించుటయే చాలదు, దాని స్వభావము నెఱుగుటయు ధర్మమేయని తోచినది.

కపిలతీర్థమున మనము చూచునది నీటి ప్రయాణములో చివరి మజిలీ. అది బయలుదేరిన చోటు చూడవలెనన్న కొండ యెక్కవలెను. 1944వ సంవత్సరమున మొదటి ఘాటురోడ్డు తెఱచు వఱకు తిరుమలకు కాలినడకయో, డోలీయో తప్ప వేఱుదారి లేదు. మా అత్తగారి తల్లి ఆ కాలమున నడచి యెక్కిన యామె. చంకలో బిడ్డ, తలమీద మూట, నోట గోవిందనామము. ఇప్పుడు కారులో కూర్చుండి, మలుపులు లెక్కించుకొనుచు అల్పకాలములో పైకి చేరుచున్నాము. సౌఖ్యమే, కాదనను. కాని యాకాశగంగకును, పాపవినాశనమునకును కారులో పోయి దిగినవారిలో పెక్కుమంది, ఆ నీటి చరిత్రము నడుగకయే తల తడుపుకొని మరలివత్తురు.

ఆకాశగంగను గూర్చి స్థలపురాణము చెప్పెడి కథ మన ఇండ్లలో నీళ్లు మోసినవారికి బాగుగా తెలియదగినది. తిరుమలనంబియను వృద్ధుడు స్వామి అభిషేకమునకు పాపవినాశనము నుండి దినదినము నీటికుండ మోసి తెచ్చెడివాడట. స్వామి బోయవానివలె వచ్చి, దాహమని యడిగి కుండలోని నీరంతయు త్రాగివేసి, విలపించుచున్న ఆ ముసలివానికొఱకు దగ్గఱనున్న కొండను బాణముతో కొట్టి క్రొత్త ధారను పుట్టించెనట. మోయువాని భుజముల నొప్పి దేవునికి తెలిసినందున నీరు దగ్గఱకు వచ్చినదన్నమాట. కథ నమ్మినను నమ్మకున్నను, దూరపు నీటిని మోయుట యెంత శ్రమయో ఎఱిగిన వారెవరో దీనిని చెప్పిరనుట నిశ్చయము. ఇప్పుడు పాపవినాశనమున ఆనకట్ట యున్నది. పూర్వపు ధారకు బదులు గోడలోని తూములనుండి నీరు పడుచుండ, యాత్రికులు దాని క్రింద నిలిచి స్నానమాడుచున్నారు. ఆనకట్టలోని నీరు కొండమీది జనమునకు త్రాగునీరుగా పోవుచున్నది. లక్షలమంది వచ్చెడి క్షేత్రమునకు అది తప్పని యేర్పాటు. అయినను ఆ తూము క్రింద నిలిచి, దీని వెనుక నొక కోన యున్నదని తలచుకొనుట మంచిది.

రెండవ కోన తలకోన. తిరుపతికి పడమటగా, రమారమి అఱువది కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱావారిపాళెము మండలములో నున్నది. 2022లో జిల్లాలు విడదీసినపుడు చిత్తూరు నుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చినది. శేషాచలమునకు తలవంటిదగుటచే తలకోన అని పేరు వచ్చినదని స్థానికులు చెప్పుదురు. ఇచ్చటి ధార ఎత్తు సుమారు 270 అడుగులు; ఆంధ్రప్రదేశములో నింతకంటె ఎత్తయినది లేదని ప్రతీతి.

మేము కార్తికమాసమున వనభోజనమునకై పోయితిమి. కారును బాడుగకు మాటాడుకొని, వేకువనే బయలుదేరితిమి. శ్రీనివాస మంగాపురము దాటిన పిమ్మట కుడిప్రక్కన కొండలు దగ్గఱగా వచ్చును. ఆ వైపుననే కల్యాణి జలాశయమున్నది. తిరుపతి కొళాయిలలోనికి వచ్చెడి నీటిలో కొంత భాగము దానినుండియే వచ్చును. కొళాయి త్రిప్పునపుడు మనకు కనబడని చెఱువును బిడ్డలకు చూపితిమి. పిదప భాకరాపేట ఘాటు. దారి ఇఱుకు, మలుపులు కఠినములు. 2022 మార్చిలో నిశ్చితార్థమునకు పోవువారి బస్సు రాత్రివేళ ఈ ఘాటులోనే లోయలో పడి పలువురు ప్రాణములు గోల్పోయిరి. కావున ఇచ్చట పగటిపూటనే పోయి, పగటిపూటనే తిరిగి వచ్చునట్లు ఏర్పాటు చేసికొనవలెను. భాకరాపేట నుండి నెరబైలు మీదుగా పోవుదారి పొలముల నడుమ సాగి, మెల్లగా అడవిలో ప్రవేశించును.

సిద్ధేశ్వరస్వామి గుడి కడ కారు నిలిచెను. అచ్చటనుండి ధారవఱకు కొంత మెట్లదారి, కొంత రాళ్లబాట. మా అత్తగారికి అఱువదెనిమిదేండ్లు. మోకాళ్ల నొప్పులు గలవు. గుడిలో కూర్చుండుడని నా భర్త బ్రతిమాలిరి. ఆమెను గూర్చి ఆయన పడిన ఆందోళన నాకును లేకపోలేదు. కాని యామె నవ్వి, "నాయనా, నీ కారు నన్ను ఇంతదూరం మోసింది, చాలు. ఇక్కడినించి నా కాళ్లని కొంచెం మోయనియ్యి. ఎక్కడ చాలదో అక్కడ నేనే కూర్చుంటాను, నీవు చెప్పబనిలేదు" అనిరి. ఆ మాటకు బదులు లేకపోయెను. నేను నా నడక నామె నడకకు తగ్గించుకొంటిని.

అట్లు మెల్లగా నడచినందువలననే అడవిని చూడగలిగితినని చెప్పవలెను. ముందు పరుగెత్తిన బిడ్డలకు కనబడనివి మా యిద్దఱికి కనబడినవి. మనుష్యుని నడుమంత లావుగల గిల్లతీగ యొక చెట్టునుండి మఱియొక చెట్టునకు పాఱి, మా తలలపై తోరణము కట్టియుండెను. దాని కాయ చేయంత పొడవుండును. ఎఱ్ఱచందనపు మానులను అత్తగారు బెరడు చూచియే గుర్తించిరి. మొసలివీపువలె నుండునని చెప్పిరి. లోకములో ఎన్నియో దేశము లుండగా ఈ చెట్టు సహజముగా పెరుగునది మన కడప, చిత్తూరు, నెల్లూరు సీమల కొండలు, వానిని చేరియున్న కొలది ప్రదేశములు మాత్రమే. పైకొమ్మలలో బెట్టుడుత యొకటి తన పొడవాటి తోకను వ్రేలవైచి మమ్ములను తేఱిపాఱ చూచెను. దేవాంగపిల్లియు ఈ యడవిలో నున్నదందురు గాని, అది రాత్రి తిరుగునది. తడిసిన రాతినెఱ్ఱెలలో బంగారుబల్లి నివసించును. పసుపు పూసినట్లుండు దాని మేనిని చూచి, బిడ్డ యొకడు నిజముగానే బంగారమా యని యడిగెను. ఇట్టి ప్రాణులుండుటచేతనే ఈ కొండలలో 353 చదరపు కిలోమీటర్ల అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనముగా ప్రకటించిరి. 2010లో శేషాచలమంతయు జీవావరణ రక్షితప్రదేశ మయ్యెను.

ధార కనబడకముందే వినబడెను. తరువాత గాలి చల్లబడెను. పిమ్మట చెట్లు తొలగి, తలయెత్తిన మెడ నొచ్చునంత ఎత్తున ఎఱ్ఱని రాతిగోడయు, దాని కొననుండి విడివడి దిగు నీరును కానవచ్చెను. అది యొక్క ధారగా పడదు. పైన బయలుదేరునపుడు ఒక్కటే. నడుమ గాలికి చెదరి, చీర ఆరవేసినట్లు విరిసి, క్రిందికి వచ్చుసరికి తుంపరయై మొగమునకు తగులును. ఎండ పడినచోట ఇంద్రధనుస్సు కొంత మెఱసి మాయమగుచుండెను. అత్తగారు ఒక బండపై కూర్చుండి చేతులు జోడించి, చాలసేపు మాటాడలేదు. తుదకు, "ఇంత నీళ్లు పైన ఎవరు పోస్తున్నారే?" అనిరి. చిన్నపిల్ల అడుగు ప్రశ్నయే. కాని యా ప్రశ్న నడుగకుండ ఆ ధారను చూచి పోవువారే యెక్కువ. పైన నెవరును పోయుటలేదు. రెండుమాసముల క్రిందటి వాన, కొండ కడుపులో నడచి నడచి, ఆనాటికి మా ముందు పడినదని చెప్పితిని. ఆమె తలయూపి, "అయితే కొండ కూడా నాలాగే మెల్లగా నడుస్తుంది" అనిరి.

గుండము చూచుటకు శాంతముగా నుండెను. ఆడబిడ్డలు పాదములు తడుపుకొనిరి. కొందఱు యువకులు పైబండ మీదికెక్కి, సెల్‌ఫోనులో బొమ్మ తీయించుకొనుటకు అంచున నిలిచిరి. అటవీశాఖ కావలివాడు వారిని కేకలువేసి దింపెను. "ఈత వచ్చినవాడే మునుగుతాడమ్మా, రానివాడు దిగడు కదా" అని మాతో ననెను. ఆ మాట తల్లులందఱు గుర్తుంచుకొనదగినది. ధార క్రింద నీరు సుడి తిరుగును. అడుగున ఎగుడుదిగుడు బండలుండును. ఒక్క అడుగులో మోకాలిలోతు నిలువులోతగును. పాచి పట్టిన రాయి సబ్బువలె జాఱును. అంత ఎత్తునుండి నీటితోపాటు రాయియో, కొమ్మయో పడవచ్చును గనుక ధారకు నేరుగా తల యొగ్గుటయు తగదు. దీనికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆకాశము మన తలమీద నిర్మలముగా నున్నను, పైకొండలలో వాన పడుచుండవచ్చును. తేటనీరు హఠాత్తుగా మబ్బుపట్టినను, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చినను, మ్రోత పెరిగినను, చెంబు చెప్పులు వదలి యైనను బిడ్డలతో ఎత్తైన గట్టు చేరవలెను. వరద వచ్చుటకు ముందు అది పంపు కబురు ఇంతే.

తిరిగి గుడికి వచ్చి, ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేసికొంటిమి. చింతపండు పులిహోర, పెరుగన్నము, ఊరమిరపకాయలు, కొబ్బరి పచ్చడి. కోతులు మా కంటె ముందే సిద్ధముగా నుండెను. అన్నమునకు మూతపెట్టి, చేతికఱ్ఱ దగ్గఱ నుంచుకొనక తప్పలేదు. భోజనమైన తర్వాత చుట్టుచూడగా, మాకు ముందు వచ్చినవారు విడిచిన ప్లాస్టిక్ సీసాలు, సంచులు పొదలనిండ వ్రేలాడుచుండెను. వనభోజనమన్నది వనమునకు నమస్కరించి చేయు భోజనము. వనమునకు ఎంగిలి పెట్టుటకు గాదు. మా బిడ్డలు తమ చెత్తతోపాటు మఱి రెండు సంచులు నింపి కారులో వేసిరి. డ్రైవరు మొదట మొగము ముడిచినను, తుదకు తానే మఱియొక సంచిని తెచ్చి యిచ్చెను.

మూడవది తుంబురుకోన. దీనిని గూర్చి చెప్పుటకు ముందు తరిగొండ వెంగమాంబను తలచుకొనవలెను. 1730లో తరిగొండలో పుట్టిన యామె బాల్యముననే భర్తను గోల్పోయినది. ఆనాటి ఆచారము విధించిన రూపమును ధరింపనని నిలిచి, నిందలుపడి, తిరుమల చేరినది. అచ్చటను ఇరుగుపొరుగు బాధలు తప్పక, తుంబురుకోనలోనికి పోయి గుహలో తపస్సు చేసినదని పరంపరగా చెప్పుకొందురు. వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును, పెక్కు యక్షగానములను రచించినది. 1817లో పరమపదించినది. నేటికిని ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. ఇంటిలోని ఆడది అడవికి పోవుట యేమియని యెవరైన ముక్కున వ్రేలిడుకొన్నచో, వారికి వెంగమాంబ పేరు చెప్పిన చాలును. ఆమె పోయిన నాడు ఘాటురోడ్డును లేదు, మెట్లపై దీపములును లేవు.

తుంబురుతీర్థమునకు ఏటేట ఫాల్గుణ పౌర్ణమినాటి ముక్కోటికి యాత్రికులు పోవుదురు. పాపవినాశనము వఱకు బండి. పిమ్మట అడవిలో కాలినడక. ఆనాడు దేవస్థానమువారు దారిలో అన్నపానీయముల నేర్పాటు చేయుదురు. ఉబ్బసము, హృద్రోగము గలవారు రావలదని ముందుగనే చాటుదురు. అత్తగారు తమంత తామే, "ఇది నా కాళ్లది కాదు, నువ్వు పోయి వచ్చి నాకు చెప్పు" అని నన్ను పంపిరి. మా వీధిలోని నలుగురు స్త్రీలము కలసి పోయితిమి. కుచ్చెళ్లు పైకెత్తి దోపుకొని, జాఱని చెప్పులు తొడిగి, చేతికొక కఱ్ఱ పట్టితిమి.

దారి మొదట చెట్లనీడను సాగి, పిదప వాగులోనికి దిగును. అటుపై వాగే దారి. గుండ్రాళ్లపై అడుగుపెట్టుచు, మోకాలిలోతు నీటిని దాటుచు, పెద్ద బండలు వచ్చినచోట త్రాటిని పట్టి ప్రాకవలెను. ముందు పోవువారు వెనుకవారికి చేయి యందింతురు. ఆ చేయి యెవరిదని యడుగువారు లేరు. డెబ్బదేండ్ల పల్లెటూరి యవ్వ యొకతె వట్టికాళ్లతో మమ్ము దాటిపోవుచు, "రాయిని చూడొద్దు పాపా, రాయి పక్కన తడిలేని చోటు చూడు" అని చెప్పినది. ఆ దినమంతయు ఆ వాక్యమే మాకు గురూపదేశమైనది.

కోన చివరకు వచ్చుసరికి కొండ నిలువున చీలినట్లుండెను. రెండు రాతిగోడలు ఇరువైపుల ఆకాశమునంటి, నడుమ నీటికి మాత్రమే దారినిచ్చినవి. పైన నీలమైన యాకాశము పాపిట సన్నముగా కనబడుచుండెను. గోడలపై రాతిపొరలు పుస్తకపు పుటలవలె నుండెను. ఆ పొరల నడుమనుండి నీరు చెమటవలె ఊరి, బొట్టుబొట్టుగా కలసి, సన్నని ధారలై క్రింది వాగులో చేరుచుండెను. ఫాల్గుణమాసము, వానలు వెనుకబడి మూడుమాసములకు పైనైనది, ఊరిలో స్వర్ణముఖి ఎండిపోయినది. అయినను ఇచ్చట రాయి నీటిని విడుచుచునే యున్నది. తలకోనలో అత్తగా రడిగిన ప్రశ్నకు నేనప్పుడు పుస్తకమునుండి బదులు చెప్పితిని. ఇచ్చట ఆ బదులును చేతితో తాకితిని. రాతికి అఱచేయి ఆనించి యుంచినచో, కొంతసేపటికి చేయి తడిసి నీరు మణికట్టు మీదుగా దిగెను. వెంగమాంబ ఈ గోడల నడుమ ఏమి విని వ్రాసినదోయని తలచుకొని మేము నలువురమును మౌనముగా నిలిచితిమి.

ఈ మూడు కోనలను చూడగోరు సోదరీమణులకు నాలుగు మాటలు. కపిలతీర్థమునకు వానలు కురిసిన కార్తికము మంచిది. తలకోనకు కార్తికము మొదలు పుష్యము వఱకు పోవచ్చును. తుపాను హెచ్చరిక యున్న దినములలో ప్రయాణమును వాయిదా వేయవలెను. తుంబురుకోనకు ముక్కోటినాడు నలుగురితో కలసి, దేవస్థానమువారును అటవీశాఖవారును అనుమతించిన దారినే పోవలెను. ప్రొద్దు గూకకముందే అడవినుండి వెలికి రావలెను. 2023లో అలిపిరి నడకదారిలో ఒక పసిబిడ్డ చిఱుతవాత పడిన దుఃఖమును మఱవరాదు. బిడ్డలను ముందు నడవనీయక నడుమ నడిపింపుడు. త్రాగునీరు, బెల్లము, వేయించిన శనగలు, పొడిబట్టలు, గాయమునకు కట్టుగుడ్డ సంచిలో నుండవలెను. ముసలివారిని కారులో విడిచిపెట్టుటకు ముందు, వారు ఎంతవఱకు రాగలరో వారినే యడుగుడు. వారు నడచినంత దూరము మనకు కనబడునది మనము పరుగెత్తినంత దూరము కనబడదు.

కారు మనలను కొండ కడకు చేర్చును. అది చేయు మేలు చిన్నదిగాదు. కారు లేనిచో మా అత్తగారు తలకోన చూచియుండరు. కాని నీటి సంగతి నడచినవారికే తెలియును. మన బిందెలలోనికి వచ్చు నీరు గొట్టములో పుట్టలేదు. ఎక్కడనో యొక చెట్టు వేరు దానిని పట్టినది, ఒక రాతిపగులు దాచినది, ఒక కోన దింపినది. ఆ చెట్టును కొట్టినవాడు మన వంటింటి బిందెకు చిల్లు పెట్టినవాడే. ఈ మాట బిడ్డలకు ఇంటిలో నూఱుమాఱులు చెప్పుటకంటె, వారిచేత ఒక్కసారి తడిరాతికి చేయి ఆనింపజేయుట మేలు.